జ్వరం తగ్గిన మనిషి

ఆ వీధిలో అతన్ని అందరూ లిఫ్టు డాక్టరు అనేవారు. పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేయడం అతని ఉద్యోగం. మిగతా మెకానిక్కులు వస్తూనే పెట్టె తెరిచి పనిముట్లు బయటపెట్టేవారు. ఇతను మాత్రం ముందు లిఫ్టు ఎక్కి, తలుపు మూసుకుని, గోడకి చెవి ఆనించి రెండుసార్లు పైకీ కిందికీ తిరిగేవాడు. ఆ తర్వాత బయటికొచ్చి, "నాలుగో అంతస్తు దగ్గర దీనికి ఆయాసం వస్తోంది" అనో, "తాడుకి వయసైపోయింది పాపం, పెన్షనిచ్చి పంపేయండి" అనో చెప్పేవాడు. చెప్పింది ఎప్పుడూ తప్పేది కాదు.

అతని భార్య ఆసుపత్రిలో జ్వరాల వార్డు నర్సు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఎంతుందో చెప్పేసేది. థర్మామీటరు పెట్టి చూస్తే అర డిగ్రీ కూడా తేడా వచ్చేది కాదు. ఇంట్లో మొగుడు ఆమెని ఏడిపించేవాడు. "ఏమాటకామాటే చెప్పుకోవాలి సిస్టరమ్మా, వైద్యమంటే నాదే. నా పేషెంట్లు పైకెళ్ళినా మళ్ళీ కిందికొస్తారు." వార్డులో ఎవరైనా పోయిన రోజున కూడా ఆ మాట గుర్తొచ్చి ఆమెకి నవ్వొచ్చేది. నవ్వొచ్చినందుకు సిగ్గేసేది.

వాళ్ళకి పిల్లలు లేరు. ఇంట్లో మూడో మనిషి అతని తల్లి. తుంటి ఎముక విరిగి రెండేళ్ళుగా ఆవిడ మంచం దిగలేదు. నడవాకి ఇటువైపు మొగుడూ పెళ్ళాల గది, అటువైపు ఆవిడ గది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే అతను బూట్లు కూడా విప్పకుండా తల్లి దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. ఆ రోజు లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో, లోపల ఎవరు దేవుణ్ణి తలుచుకున్నారో, ఎవరు బయటికొచ్చి తనని తిట్టారో అభినయం చేసి మరీ చెప్పేవాడు. సగం కల్పితమని ఆవిడకీ తెలుసు. "ఒరేయ్, మొన్న చెప్పిన లావుపాటాయన కథే కదరా ఇది, మీసాలు తగిలించావంతే" అని నవ్వేది. ఆ నవ్వు వంటింట్లో ఉన్న కోడలిదాకా వినపడేది.

ఆ ఏడు వానలతో పాటు జ్వరాలు వచ్చాయి. కొత్త జబ్బేం కాదు, ఏటా వచ్చే వైరస్ జ్వరమే. ఆ ఏడు కాస్త గట్టిగా వచ్చింది. వార్డులో మంచాలు చాలక వరండాలో పరుపులు వేశారు. నర్సు పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చేది. ఒకరోజు ఒళ్ళు నొప్పులతో వచ్చింది. రెండు రోజులు పడుకుని లేచింది. మూడోరోజు అతను పడ్డాడు.

తొమ్మిది రోజులు. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. మాటలు తడబడేవి. ఆమె సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. గంటగంటకీ జ్వరం చూసి కాగితం మీద రాసుకుంది. ఈ వయసులో తల్లికి అంటుకుంటే బతకదని అటువైపు గది తలుపు మూసేసి, "అత్తయ్య గదిలో అడుగుపెట్టారంటే కాళ్ళు విరగ్గొడతాను" అని మొగుడికి గట్టిగా చెప్పింది. ఆవిడకి భోజనం తనే పట్టుకెళ్ళేది, ముక్కూ మూతీ కట్టుకుని.

పదోరోజు పొద్దున్న ఒళ్ళు చల్లబడింది. రక్తం పరీక్ష చేయిస్తే అన్నీ ఉండాల్సినంత ఉన్నాయి. మరో అయిదు రోజులు చూసి ఆమె తలుపు తీసింది. "ఇక వెళ్ళొచ్చు. మీ అమ్మ పదిహేను రోజుల కథలకి లెక్క అడుగుతోంది" అంది.

అతను మంచం అంచున కూర్చుని ఉన్నాడు. తలుపు వైపు చూశాడు. "రేపు వెళ్తాలే" అన్నాడు.

నీరసం అనుకుంది ఆమె. పళ్ళరసాలు పట్టించింది, బలానికి మందులు తెచ్చింది. వారానికి అతను పనిలోకి వెళ్ళాడు. నాలుగోరోజు సూపర్‌వైజరు అతన్ని తన కారులో ఇంటికి దింపాడు. "మిషను రూములో కూర్చుని నాలుగు గంటలు కదల్లేదమ్మా. కింద జనం మెట్లెక్కుతూ శాపనార్థాలు పెడుతున్నారు. పైకెళ్ళి చూస్తే చేతిలో పానా పట్టుకుని మోటారు వంక చూస్తున్నాడు. ఏమైందంటే ఏం లేదంటాడు. ఇంకో నెల రెస్టు తీసుకోనివ్వండి" అని చెప్పి వెళ్ళాడు.

ఆ నెలంతా అతను ఇంట్లోనే ఉన్నాడు. ఒక మేజోడు తొడుక్కుని రెండోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. గడ్డం పెరిగిపోయింది. స్నానం చెయ్యమంటే "చేస్తాను" అనేవాడు, లేచేవాడు కాదు. కంచం ముందు పెడితే నాలుగు ముద్దలు, అవీ ఆమె చూస్తోందని. తెల్లవారకముందే మెలకువ వచ్చి కప్పు వంక చూస్తూ పడుకునేవాడు. తల్లి గదిలోకి రోజూ "రేపు" వెళ్తాననేవాడు.

ఒకరోజు ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే కొంగు పట్టుకున్నాడు.

"జ్వరం లోపల ఇంకా ఉందేమో ఒకసారి చూడు."

ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. అయినా థర్మామీటరు పెట్టింది. "లేదండీ. మామూలుగానే ఉంది."

"లోపల ఏదో ఆరిపోయింది సిస్టరమ్మా. అమ్మ మాట వినపడుతుంది. పక్కింట్లో రేడియో మోగుతున్నట్టు వినపడుతుంది. నాకేం అనిపించడం లేదు. ఆకలి లేదు, బాధ లేదు. నిన్ను చూసినా ఏం అనిపించడం లేదు."

ఆ చివరి మాట ఆమెకి సూటిగా తగిలింది. మిగతావి చెవికెక్కలేదు. తొమ్మిది రోజులు కంటికి కునుకు లేకుండా చేసిన చాకిరీకి ఇదా బహుమతి అనుకుంది. వార్డులో అవతల నలభైమంది ఎదురు చూస్తున్నారు.

"రిపోర్టులన్నీ బాగున్నాయి. జ్వరం తగ్గింది. ఇక మీకు రోగమంటూ లేదు, బద్ధకం తప్ప" అంది.

అతను కొంగు వదిలేశాడు. "నువ్వు చెప్పావంటే అంతే అయ్యుంటుందిలే" అన్నాడు. వెటకారం కాదది. జ్వరాల సంగతి ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదని అతను నిజంగానే నమ్మేవాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అటువైపు గదిలో అత్తగారు కొడుకు గురించి అడుగుతూనే ఉంది. మొదట్లో కోడలు "డ్యూటీకి వెళ్ళారత్తయ్యా" అని అబద్ధమాడింది. అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుంది? తల్లి చెవి. గోడ అవతల కొడుకు దగ్గితే ఆవిడకి వినపడేది. ఒకరోజు భోజనం తినిపిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఇంట్లోనే ఉన్నాడు కదూ?" అంది.

"ఉన్నారు."

"నామీద కోపమా?"

"కోపం లేదు, పాడూ లేదు. లేవడం లేదంతే."

ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుంది. "వాణ్ణి తిట్టకే. వాడు రాలేక రావడం లేదు" అంది.

"రాలేకపోవడమేమిటత్తయ్యా, నడవా దాటితే చాలు. రాకూడదని రావడం లేదు" అంది కోడలు. అన్నాక నాలిక కరుచుకుంది. ఆవిడ నోరు మూసుకుంది. ఆ పూట ఇంకో ముద్ద తినలేదు.

అది జరిగిన పదోరోజున ఆవిడకి ఛాతీలో నెమ్ము చేరింది. రెండు రోజులు మందులు వేశారు. మూడోరోజు మధ్యాహ్నం ఊపిరి ఎగపోయడం మొదలైంది. అలాంటి ఊపిరి నర్సు వందసార్లు విని ఉంటుంది. అంబులెన్సుకి ఫోను చేసింది. రావడానికి అరగంట పడుతుందన్నారు. అంత టైము లేదని ఆమెకి తెలుస్తూనే ఉంది.

నడవాలోకి పరిగెత్తింది. "లేవండి! అత్తయ్య మిమ్మల్నే పిలుస్తోంది. లేవండి!"

అతను లేచి కూర్చున్నాడు. కాళ్ళు కింద పెట్టాడు. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు. చేతి నరాలు ఉబ్బాయి. అక్కడితో ఆగిపోయాడు.

"ఏమండీ! తొమ్మిది అడుగులు. నేను పట్టుకుంటాను, రండి!"

"వెళ్తాను" అన్నాడతను. కదల్లేదు. అటు గదిలోంచి గొంతు వినపడింది. చిన్నప్పుడు పిలిచినట్టు "నాన్నా" అని ఆవిడ కొడుకుని పిలుస్తోంది. నర్సు మొగుణ్ణి వదిలేసి అటు పరిగెత్తింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ తలుపు వైపే చూస్తూ పోయింది.

కళ్ళు మూసి, దుప్పటి సర్ది, నర్సు మళ్ళీ ఇవతలికి వచ్చింది. అతను అలాగే పట్టె పట్టుకుని కూర్చునున్నాడు.

"పోయిందా?" అన్నాడు.

"పోయింది."

తల ఊపాడు. కాళ్ళు పైకి తీసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక్క చుక్క కన్నీరు లేదు.

"అసలు మీరు మనిషేనా?" అంది ఆమె. వీధి వీధంతా వినపడేలా అరిచింది. అతను తిరగలేదు.

చివరి చూపుకి చుట్టాలొచ్చారు. అతన్ని ఇద్దరు పట్టుకుని నిలబెట్టాల్సి వచ్చింది. తాగాడేమో అని ఎవరో గుసగుసలాడారు. ఊరికి అటు చివర కాపురముండే అతని అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది. తల్లి తర్వాత తల్లిలా ఒళ్ళో పెట్టుకుని పెంచింది అతన్ని. ఆ ముఖంలో ఏమీ లేదు. రాయి నయం. "అమ్మ పిలుస్తుంటే పక్కగదిలో పడుకున్నాడట. ఈ పూటతో నాకు తమ్ముడు లేడు" అని అందరి ముందూ చెప్పి వెళ్ళిపోయింది. నర్సు అడ్డుచెప్పలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పింది నర్సే.

పన్నెండు రోజుల తర్వాత ఆమె డ్యూటీకి వెళ్ళింది. వార్డు ఖాళీ అవుతోంది. రెండు నెలల క్రితం జ్వరం తగ్గి ఇంటికెళ్ళిన ఒక టీచరుని ఆవిడ భర్త మళ్ళీ తీసుకొచ్చాడు. "జ్వరం లేదు డాక్టరుగారూ. మనిషి మాత్రం మనిషిలా లేదు. బడికి వెళ్ళదు, పిల్లల్ని దగ్గరికి తియ్యదు. ఊరికే కూర్చుంటుంది" అన్నాడు. నర్సు ఫైలు పట్టుకుని పక్కన నిలబడింది.

పెద్ద డాక్టరమ్మ ఆ టీచరు చెయ్యి పట్టుకుని మెల్లగా అడగడం మొదలుపెట్టింది. నిద్ర ఎలా ఉంది? తెల్లవారకముందే మెలకువ వస్తోందా? ఇదివరకు ఇష్టమైనవి ఇప్పుడెలా ఉన్నాయి? ఎందుకు బతకడం అనిపిస్తోందా? టీచరు ఒక్కొక్కదానికీ తల ఊపుతోంది. ఒక్కొక్క ప్రశ్నా నర్సు గుండెలో దిగుతోంది.

డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. "ఇది బద్ధకం కాదు, నటన కాదు. డిప్రెషన్. వైరస్ జ్వరాల తర్వాత కొంతమందికి వస్తుంది. వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు రాజేసిన మంట, పోరాటం అయిపోయాక కూడా పూర్తిగా ఆరదు. కొందరిలో అది మెదడు మీద, మనసు మీద పని చేస్తుందని అనుకుంటున్నాం. అందరికీ రాదు. కొందరికే ఎందుకొస్తుందో మాకూ పూర్తిగా తెలీదు. కానీ వైద్యం ఉంది. త్వరగా తీసుకొచ్చారు, మంచి పని చేశారు."

ఆ భర్త ఊపిరి పీల్చుకున్నాడు. "అంటే ఈవిడ కావాలని చెయ్యడం లేదన్నమాట" అన్నాడు.

"కావాలని ఎవరు చేస్తారండీ?" అంది డాక్టరమ్మ.

వాళ్ళు వెళ్ళాక నర్సు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. పద్దెనిమిదేళ్ళలో డాక్టరు ముందు ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"మేడమ్, మా ఇంట్లో ఒకరున్నారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు కావస్తోంది. నన్ను అడిగారు మేడమ్. జ్వరం లోపల ఉందేమో చూడమన్నారు. నేను... థర్మామీటరు పెట్టి చూశాను."

డాక్టరమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది నర్సు.

మర్నాడే అతన్ని మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు రాశారు. వారానికోసారి వచ్చి మాట్లాడమన్నారు. మొదటి నెల ఏ మార్పూ లేదు. రోజూ మాత్ర ఇచ్చి, నీళ్ళిచ్చి, మింగేదాకా నిలబడేది. ఆరోవారంలో ఒక పొద్దున్న అతను కప్పు పక్కన పెట్టేసి, "కాఫీ చల్లారిపోయింది" అన్నాడు. చిరాగ్గా అన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాలుగు నెలలు దాటాక ఆ మనిషికి ఒకటి నచ్చలేదు.

ఆ తర్వాత గడ్డం గీసుకున్నాడు. వీధి చివరిదాకా నడిచాడు. సూపర్‌వైజరు ఫోను చేస్తే మాట్లాడాడు. ఒక ఆదివారం ఆమె బట్టలు ఆరేసి వస్తుంటే ఇంట్లోంచి ఏదో చప్పుడు. ఏదో జంతువు లోపల చిక్కుకుందేమో అనుకుంది. చప్పుడు అత్తగారి గదిలోంచి వస్తోంది.

అతను ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చునున్నాడు. పరుపులో ముఖం పెట్టి ఏడుస్తున్నాడు. వెక్కిళ్ళు కావు. కడుపులోంచి, ఊపిరి అందకుండా, నోరు తెరుచుకుని. ఆమె వెళ్ళి పట్టుకుంది.

"విన్నాను. నాన్నా అని పిలిచింది. నాలుగుసార్లు పిలిచింది. లెక్కపెట్టాను. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు... ఇవాళ పొద్దున్న నిద్రలేవగానే మొత్తం ఒక్కసారే వచ్చి పడింది."

"అది మీ తప్పు కాదండీ. జబ్బు."

"నాకెందుకు మందులిప్పించావు? అలాగే వదిలేసి ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు కదా!"

మందు పని చేసింది. ఆరిపోయినదల్లా మళ్ళీ వెలిగింది. వెలగ్గానే అతనికి మొదట కనిపించింది ఆ ఖాళీ మంచం.

చాలాసేపయ్యాక ఆమె చెప్పింది. దాచుకుంటే తను బతకలేననిపించింది. "మీరు రాలేకే రావడం లేదని అత్తయ్యకి తెలుసు. మిమ్మల్ని తిట్టొద్దని నాకు చెప్పింది. నేనే ఎదురు చెప్పాను. రాకూడదని రావడం లేదన్నాను. ఆవిడ ఆ పూట భోజనం మానేసింది."

అతను తల ఎత్తి ఆమె వంక చూశాడు. తిడతాడనుకుంది. కొడితే బాగుండుననుకుంది. అతను చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఇద్దరూ చీకటి పడేదాకా ఆ గదిలో నేల మీదే కూర్చున్నారు.

అక్కకి చెప్పాలని నర్సు ఒక్కతే ముందు వెళ్ళింది. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టింది.

"వదినా, తప్పు నాది. మీకు అలా చెప్పి ఉండకూడదు. అది జబ్బు. జ్వరం తర్వాత కొందరికి వస్తుందట. డాక్టర్లే చెప్పారు."

"జ్వరం నీకూ వచ్చింది కదా. నువ్వు మంచమెక్కి కూర్చున్నావా? నాకూ వచ్చింది. పిల్లల్ని మర్చిపోయానా?"

"అందరికీ రాదు వదినా."

"చూడమ్మాయ్. నువ్వు నర్సువి. ఆ రోజు జబ్బని నీకే తెలీలేదు. ఇవాళ నన్ను నమ్మమంటావు." ఆవిడ తలుపు మీద చెయ్యి వేసింది. "మా అమ్మ తలుపు వంక చూస్తూ పోయిందని నువ్వే చెప్పావు. అది విన్నాక నాకింక ఏ డాక్టరు మాటా ఎక్కదు."

తలుపు మూసింది. గట్టిగా కాదు, మెల్లగా మూసింది. దానికే నర్సుకి ఎక్కువ బాధేసింది.

అతను పనిలో చేరాడు. మాత్రలు ఇంకా ఏడాది వాడాలన్నారు, వాడుతున్నాడు. వార్డులో ఇంటికెళ్ళే ప్రతి మనిషి ఫోను నంబరూ నర్సు రాసుకుంటోంది. నెల తర్వాత తనే ఫోను చేసి నిద్ర గురించి, తిండి గురించి, ఇష్టాల గురించి అడుగుతుంది. చాలామంది "బాగానే ఉన్నాం సిస్టర్, ఇంతకీ ఎందుకడుగుతున్నారు?" అని విసుక్కుంటారు. ఇప్పటిదాకా ముగ్గురు మాత్రం విసుక్కోలేదు, ఫోనులోనే ఏడ్చారు. ఆ ముగ్గురినీ తనే వెంటబెట్టుకుని వెళ్ళి డాక్టరుకి చూపించింది.

వారం వారం ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి అతను బస్సెక్కి అక్క ఇంటికి వెళ్తాడు. ఆవిడ తలుపు తియ్యదు. కిటికీ పరదా కదులుతుంది, అంతే. అతను మెట్టు మీద గంటసేపు కూర్చుంటాడు. మొదట్లో నర్సు "ఏమన్నారు?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. అతను మాత్రం వెళ్తూనే ఉన్నాడు.